పాత కార్టూన్ లఘుచిత్రాన్ని ఫ్రేము ఫ్రేముగా పరిశీలించడం ఎలా?

1947లో విడుదలైన ‘ది క్యాట్ కాన్సెర్టో’లో టామ్ నల్లకోటు వేసుకుని వేదిక మీదికి వచ్చి, పియానో ముందు కూర్చుని, స్వరకర్త ఫ్రాంజ్ లిస్ట్ స్వరపరచిన రెండవ హంగేరియన్ రాప్సోడీ వాయించడం మొదలుపెడతాడు. పియానో లోపల సుత్తుల మీద జెర్రీ నిద్రపోతూ ఉంటాడు. ఆ సుత్తులు లేచిపడుతుంటే అతని నిద్ర చెదురుతుంది, అక్కడి నుంచి ఇద్దరికీ పోరు మొదలవుతుంది. మనలో చాలామంది ఈ చిత్రాన్ని చిన్నప్పుడే ఎన్నోసార్లు చూశాం. ఒక్క మాట కూడా లేని చిత్రం కాబట్టి మనకు భాష అడ్డు రాలేదు. అయితే ఎందుకు నవ్వామో చెప్పమంటే మాత్రం, “ఎలుక వేలు కత్తిరించబోయింది, బోనులో వేలు ఇరుక్కుంది” అని సంఘటనలు చెప్పగలమే తప్ప, ఆ సంఘటనే మరో చేతిలో పడితే ఎందుకు చప్పబడిపోతుందో చెప్పలేం. సంఘటనకూ సంఘటనకూ మధ్య ఎన్ని ఫ్రేములు (ఫిల్ము మీది ఒక్కో బొమ్మ) గడిచాయన్న లెక్కలోనే దాని రహస్యం చాలావరకు ఉంది. ఆ లెక్కను మన కంటితో, మన చేతితో పట్టుకునే పద్ధతిని వివరించడమే ఈ మార్గదర్శి ఉద్దేశం. ప్రత్యేకమైన చదువేమీ అవసరం లేదు. ఒక కంప్యూటరు, గళ్ల నోటుపుస్తకం, పెన్సిలు, కొన్ని సాయంత్రాలు చాలు.

అమెరికన్ కార్టూన్ స్వర్ణయుగం అంటే సాధారణంగా 1928 నుంచి 1950ల చివరి దాకా సాగిన కాలం. ఆ రోజుల్లో ఈ లఘుచిత్రాలు టీవీ కోసమో పిల్లల కోసమో తీసినవి కావు. సినిమా హాలులో అసలు చిత్రానికి ముందు, వార్తాచిత్రంతోపాటు, అన్ని వయసులవారికీ వేసేవారు. సగటున ఏడు నిమిషాలు. 35 మి.మీ. ఫిల్ము సెకనుకు 24 ఫ్రేముల చొప్పున నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. అంటే ఏడు నిమిషాలకు 630 అడుగులు, 10,080 ఫ్రేములు. ప్రతి ఫ్రేమునూ ఎవరో ఒకరు కావాలని అలా ఉంచారు, అనుకోకుండా కెమెరాలో పడిన క్షణం ఒక్కటీ లేదు. ఫ్రేములు లెక్కపెట్టే శ్రమకు ఈ చిత్రాలు ఇంతగా ఫలితం ఇవ్వడానికి కారణం అదే.

మొదటి దశ: చిత్రాన్ని ఎంచుకోవడం

మొదటి ప్రయత్నానికి మాటలు తక్కువగా ఉండి, సంగీతం ముఖ్యంగా ఉన్న చిత్రాన్ని తీసుకోండి. నేను మూడింటిని సూచిస్తాను. మొదటిది డిస్నీ వారి మిక్కీ మౌస్ చిత్రం ‘స్టీమ్‌బోట్ విల్లీ’. ఇది 1928 నవంబరు 18న న్యూయార్కులోని కాలనీ థియేటరులో ప్రదర్శితమైంది. 2024 జనవరి 1 నుంచి అమెరికాలో దీని మీద కాపీరైటు లేదు కాబట్టి మంచి కాపీ సులభంగానే దొరుకుతుంది. రెండవది పైన చెప్పిన ‘ది క్యాట్ కాన్సెర్టో’. ఎం.జి.ఎం. స్టూడియోలో విలియం హాన్నా, జోసెఫ్ బార్బెరా దర్శకత్వం వహించిన ఈ చిత్రానికి ఆస్కార్ వచ్చింది. టామ్ అండ్ జెర్రీ చిత్రాలకు మొత్తం ఏడు ఆస్కార్లు వచ్చాయి. మూడవది వార్నర్ బ్రదర్స్ దర్శకుడు చక్ జోన్స్ తీసిన రోడ్ రన్నర్ (మెరుపులా పరుగెత్తే పక్షి) చిత్రాల్లో ఏదైనా ఒకటి. ఆ వరుసలో మొదటిది 1949లో వచ్చింది. హక్కులు ఉన్న చిత్రాలను అధికారికంగా విడుదలైన డిస్కులోనో, స్ట్రీమింగ్ సేవలోనో చూడండి. అది న్యాయం, పైగా బొమ్మ నాణ్యత కూడా అక్కడే బాగుంటుంది.

రెండవ దశ: కాపీని పరీక్షించడం

ఈ దశను దాటవేయవద్దని గట్టిగా చెబుతున్నాను. నేను తొలిసారి ఈ పనికి కూర్చున్నప్పుడు కాపీ సంగతి పట్టించుకోలేదు. 12 ఫ్రేములు రావలసిన ప్రతిచోటా 15 వస్తుంటే నా లెక్కే తప్పనుకుని రెండు వారాలు మళ్లీ మళ్లీ లెక్కపెట్టాను. తప్పు లెక్కలో లేదు. ఆ కాపీ సెకనుకు 30 ఫ్రేముల టీవీ పద్ధతికి మార్చినది. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, ఆ టీవీ పద్ధతిలో సుమారు 30. కాబట్టి ప్రతి నాలుగు ఫ్రేములనూ ఐదుగా సాగదీస్తారు.

వీఎల్‌సీ ప్లేయరులో చిత్రాన్ని తెరిచి, టూల్స్ మెనూలో కోడెక్ సమాచారం చూస్తే ఫ్రేము రేటు కనిపిస్తుంది. అక్కడ 24 గానీ 23.976 గానీ ఉంటే నిశ్చింతగా ముందుకు వెళ్లవచ్చు. 25 ఉంటే అది చాలావరకు యూరపు టీవీ పద్ధతి కాపీ అయి ఉంటుంది. చిత్రం సుమారు నాలుగు శాతం వేగంగా నడుస్తుంది, శ్రుతి కొద్దిగా పెరుగుతుంది, కానీ ఫ్రేముల లెక్క మాత్రం సాధారణంగా సరిగానే వస్తుంది. 29.97 ఉంటే ఒక్కొక్క ఫ్రేమునే కదిపి చూడండి. ప్రతి ఐదింటిలో ఒకటి ముందుదాని నకలుగా ఉన్నా, రెండు ఫ్రేములు దువ్వెన పళ్లలా అడ్డగీతలుగా చీలి కనిపించినా, ఆ కాపీని లెక్కలకు వాడవద్దు.

చిత్రాన్ని ఆపి ఒక్కో ఫ్రేము ముందుకు జరపడానికి వీఎల్‌సీలో ఇంగ్లీషు అక్షరాల్లో ఐదవదైన ‘ఈ’ మీట నొక్కాలి. యూట్యూబులో అయితే వీడియోను ఆపి, ఫుల్‌స్టాప్ మీట నొక్కితే ఒక ఫ్రేము ముందుకు, కామా నొక్కితే వెనక్కి వెళుతుంది.

మూడవ దశ: మూడుసార్లు మూడు రకాలుగా చూడటం

మొదటిసారి మామూలుగా, ఆపకుండా చూడండి. వీలైతే ఇంట్లో మరొకరిని పక్కన కూర్చోబెట్టుకోండి, ఎందుకంటే ఈ చిత్రాలు నిండుగా ఉన్న హాలు కోసం తీసినవి. ఎవరు ఎక్కడ నవ్వారో నోటుపుస్తకంలో నిమిషం, సెకను వేసి రాసుకోండి. రెండవసారి శబ్దం పూర్తిగా తీసేసి చూడండి. కథ ఎంతవరకు అర్థమవుతున్నదో గమనించండి. మంచి యానిమేషన్‌లో పాత్ర ఆకృతిని నల్లటి నీడగా మార్చినా అది ఏం చేస్తున్నదో తెలియాలి. మూడవసారి తెరకు వీపు తిప్పి కూర్చుని, కేవలం వినండి. ఇది కొంచెం వింతగా అనిపించినా, ఈ మూడింటిలో నాకు ఎక్కువ నేర్పినది ఇదే. వార్నర్ బ్రదర్స్ చిత్రాల్లో కార్ల్ స్టాలింగ్ సంగీతం, ట్రెగ్ బ్రౌన్ చప్పుళ్లు, మెల్ బ్లాంక్ గొంతు ఎలా ఒకదానికొకటి దారి ఇచ్చుకుంటాయో కళ్లు తెరపై ఉన్నంతసేపూ మనకు వినబడదు.

నాలుగవ దశ: షాట్ల పట్టిక

గళ్ల కాగితం మీద అడ్డంగా నాలుగు వరుసలు వేయండి: షాటు సంఖ్య, ఎన్ని ఫ్రేములు, తెరపై ఏం జరుగుతోంది, ఏం వినబడుతోంది. ఏడు నిమిషాల చిత్రం మొత్తానికీ ఇది పెద్ద పనే కాబట్టి మీరు నవ్విన ఒక్క నిమిషాన్ని ఎంచుకోండి. ఇలాంటి కాగితాన్నే ఆనాటి స్టూడియోల్లో ఎక్స్‌పోజర్ షీటు అనేవారు. ఏ ఫ్రేములో ఏ బొమ్మ ఉండాలో, కెమెరా ఎంత కదలాలో అందులో వరుసగా రాసి ఉండేది. దర్శకుడు అంతకు ముందే సంగీతపు లెక్కతో బార్ షీటు రాసుకునేవాడు. అంటే మీరిప్పుడు చేస్తున్నది వాళ్ల పనిని చివరి నుంచి మొదటికి తిరిగి నడవడమే.

ఐదవ దశ: ఫ్రేములు లెక్కపెట్టడం

ఇక్కడ తొందరపడవద్దు. ముందుగా ఒక్కో బొమ్మ తెరపై ఎన్ని ఫ్రేముల పాటు నిలిచి ఉన్నదో చూడండి. చాలా కదలికల్లో ఒక బొమ్మ రెండు ఫ్రేములు ఉంటుంది, అంటే సెకనుకు 12 బొమ్మలు. దీన్ని ‘ఆన్ టూస్’ అంటారు. వేగంగా పరుగెత్తేటప్పుడు, లేదా కెమెరా పాత్రతోపాటు పక్కకు జరిగేటప్పుడు ప్రతి ఫ్రేముకూ కొత్త బొమ్మ కనిపిస్తుంది. నేపథ్యం ఫ్రేము ఫ్రేముకూ జరుగుతూ పాత్ర మాత్రం రెండు ఫ్రేములకొకసారి కదిలితే కాళ్లు నేల మీద జారినట్టు అదురుతాయి కాబట్టి అక్కడ పొదుపు కుదరదు.

తరువాత ఒక హాస్య సంఘటనను మూడు భాగాలుగా విడదీయండి: పనికి ముందు పాత్ర తీసుకునే సన్నాహం, పని, పని తరువాతి నిలుపు. టామ్ ఎవరినైనా కొట్టబోయే ముందు చేయి వెనక్కి లాగుతాడు. ఆ లాగడానికి ఎన్ని ఫ్రేములు పట్టిందో, దెబ్బకు ఎన్ని పట్టాయో పక్కపక్కన రాయండి. సన్నాహానికి ఎక్కువ ఫ్రేములు, దెబ్బకు రెండో మూడో మాత్రమే ఉండటం మీకు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. దెబ్బను మనం నిజానికి సరిగా చూడనే చూడం. సన్నాహంలో ఊహించి, నిలుపులో అర్థం చేసుకుంటాం.

నిలుపు గురించి చక్ జోన్స్ చెప్పిన లెక్క ప్రసిద్ధం. రోడ్ రన్నర్‌ను వెంటాడే కయోటీ (తోడేలు లాంటి జంతువు) కొండ అంచు నుంచి కింద పడేటప్పుడు, అది చిన్న చుక్కగా మారి మాయమవడానికి 18 ఫ్రేములు, ఆ తరువాత నేలను తాకి దుమ్ము లేవడానికి మరో 14 ఫ్రేములు. మొత్తం 32 ఫ్రేములు, అంటే ఒకటింబావు సెకను కన్నా కాస్త ఎక్కువ. ఏ రోడ్ రన్నర్ చిత్రంలోనైనా ఒక పతనాన్ని ఎంచుకుని, మాయమైన ఫ్రేము నుంచి దుమ్ము లేచిన ఫ్రేము దాకా లెక్కపెట్టండి. మీకు వచ్చిన సంఖ్య కచ్చితంగా 14 కాకపోవచ్చు. ఒక్కో చిత్రానికి ఒక్కో అవసరం ఉంటుంది. కానీ ఆ ఖాళీలో తెర మీద ఏమీ జరగడం లేదన్న సంగతి గమనించండి. చూసేవారి మనసు ఆ అరసెకనులో కయోటీతోపాటు పడుతూనే ఉంటుంది. దుమ్ము వెంటనే లేస్తే అది ప్రమాదం మాత్రమే, ఆలస్యంగా లేస్తే ఊహకు విసుగు వస్తుంది.

ఇంకొకటి. ఫ్రేము ఫ్రేముగా జరుపుతుంటే కొన్నిచోట్ల భయంకరంగా సాగిపోయిన బొమ్మ, రెండు మూడు తలలున్న బొమ్మ, కేవలం రంగు మరకలా ఉన్న బొమ్మ తగులుతాయి. అవి తప్పులు కావు. ఒక భంగిమ నుంచి మరో భంగిమకు మెరుపులా మారడాన్ని కంటికి అతికించేందుకు ఒకటి రెండు ఫ్రేముల పాటు వేసిన ఈ బొమ్మలను స్మియర్లు అంటారు. 1942లో చక్ జోన్స్ తీసిన ‘ది డోవర్ బాయ్స్’లో ఇవి పుష్కలంగా ఉన్నాయి.

ఆరవ దశ: సంగీతంతో సరిచూడటం

‘స్టీమ్‌బోట్ విల్లీ’ తీసేనాటికి బొమ్మనూ పాటనూ కలిపి నడిపించడం ఎలాగో డిస్నీ బృందానికి ఇంకా తెలియదు. ఆ బృందంలోని విల్‌ఫ్రెడ్ జాక్సన్ మెట్రోనోమ్ (తాళం కొట్టే యంత్రం) తెచ్చి, తాళానికీ ఫ్రేముకీ లెక్క కుదిర్చే మార్గం చూపించాడు. న్యూయార్కులో వాద్యబృందంతో చేసిన మొదటి రికార్డింగు బొమ్మతో కలవలేదు. రెండవసారి, తాళాన్ని చూపుతూ ఎగిరే బంతి గుర్తును తెర మీద చూసుకుంటూ వాయించిన తరువాతే కుదిరింది. అక్కడ పుట్టిన లెక్క తరువాతి ముప్పయ్యేళ్లూ ఈ పరిశ్రమకు పునాదిగా నిలిచింది.

లెక్క చాలా సులభం. సెకనుకు 24 ఫ్రేములు కాబట్టి నిమిషానికి 1,440. తాళంలో ఒక దెబ్బకూ మరో దెబ్బకూ మధ్య 12 ఫ్రేములు ఉంటే నిమిషానికి 120 దెబ్బలు, 16 ఉంటే 90, 8 ఉంటే 180. పాత్ర నడకలో అడుగు నేలను తాకే ఫ్రేములను గుర్తించి, రెండు అడుగుల మధ్య ఎన్ని ఫ్రేములో లెక్కపెట్టండి. తరువాత అదే చోట తాళం వేస్తూ వినండి. తాళం వేయడం అలవాటు ఉన్నవారికి ఈ పని వెంటనే పట్టుబడుతుంది. ఆది తాళం వేసుకుంటూ కర్ణాటక సంగీతం విన్న కుటుంబాల్లోని పిల్లలు దీన్ని నాకన్నా త్వరగా అందుకోవడం చూశాను.

ఇప్పుడు ‘ది క్యాట్ కాన్సెర్టో’లో కత్తెర సన్నివేశానికి రండి. టామ్ పియానో ఒక చివరన ఉన్న స్వరాన్ని ఒకే వేలితో మళ్లీ మళ్లీ తాకుతుంటాడు. ఆ వేలు దిగిన ప్రతిసారీ జెర్రీ కత్తెరతో పట్టుకోబోయి తప్పిపోతుంటాడు. చివరికి విసిగి, ఆ మీట ఉన్న చోట ఎలుకల బోను పెడతాడు. ఇక్కడ స్వరం ఎప్పుడు పడాలో లిస్ట్ ఎప్పుడో నిర్ణయించాడు. దర్శకులకు మిగిలిన స్వేచ్ఛ కత్తెర మూసుకునే ఫ్రేము మాత్రమే. వేలు లేచిన ఫ్రేమును, కత్తెర మూసుకున్న ఫ్రేమును ప్రతి ప్రయత్నానికీ రాసి, మధ్య తేడాను ఒక వరుసలో వేయండి. ఆ చిన్న పట్టిక మీ ముందు ఉన్నాక ఈ సన్నివేశాన్ని మళ్లీ మామూలు వేగంతో చూడండి. మీ శరీరమే ఆ లయను ముందుగా పసిగడుతుంది.

ఎం.జి.ఎం. సంగీత దర్శకుడు స్కాట్ బ్రాడ్లీకీ, వార్నర్ సంగీత దర్శకుడు స్టాలింగ్‌కీ ఉన్న తేడాను కూడా ఈ దశలోనే గుర్తించవచ్చు. స్టాలింగ్ చేతిలో వార్నర్ సంస్థ హక్కులున్న పాటల భాండాగారం ఉండేది. తెరపై ఏం కనిపిస్తే దానికి సరిపడే పాట తునకను అందుకుని, నాలుగు సెకన్లలో మరో పాటకు దూకేవాడు. బ్రాడ్లీ ఎక్కువగా సొంత స్వరరచననే నమ్ముకున్నాడు. నా అభిమానం బ్రాడ్లీ వైపే. మాటలు లేని చిత్రంలో పాత్రల అంతరంగాన్ని మోసే పని ఆయన వాద్యబృందానిదే.

ఏడవ దశ: బొమ్మ పొరలను చూడటం

నిలిచిన ఒక ఫ్రేమును పెద్దది చేసి చూడండి. నేపథ్యం నీటిరంగులతో మెత్తగా, పాత్రలు గట్టి గీతతో, చదునైన రంగుతో ఉంటాయి. నేపథ్యాన్ని కాగితం మీద ఒక్కసారే చిత్రించి, పాత్రలను పారదర్శకమైన సెల్యులాయిడ్ షీట్ల (సెల్‌ల) మీద గీసి దానిపై పరిచేవారు. గీత ఒకవైపు, రంగు వెనకవైపు. పొరలు పెరిగేకొద్దీ కింది రంగులు మసకబారతాయి కాబట్టి, పొర మారినప్పుడు రంగు కూడా సరిచేసి కలపవలసి వచ్చేది. శరీరం కదలకుండా తల మాత్రమే తిరిగే చోట, శరీరం ఒక పొరలో, తల మరో పొరలో ఉన్నాయని ఊహించి చూడండి. శరీరపు గీత ఫ్రేము ఫ్రేముకూ ఏమాత్రం వణకదు, తల గీత మాత్రం స్వల్పంగా మారుతుంది. మంచి కాపీలో సెల్ నీడలూ, అక్కడక్కడ దుమ్ము రేణువులూ కూడా కనిపిస్తాయి. వాటిని చూసిన ప్రతిసారీ నాకు రంగులు వేసిన ఆ పేరులేని చేతులు గుర్తొస్తాయి. ఆ ఇంకు, పెయింటు విభాగాల్లో ఎక్కువమంది స్త్రీలే పనిచేశారు. తెరపై వారి పేర్లు దాదాపు ఎక్కడా ఉండవు.

లోతు గురించి తెలుసుకోవాలంటే రెండు చిత్రాలు పక్కపక్కన చూడండి. 1936లో ఫ్లైషర్ స్టూడియో తీసిన, పొపాయ్ సింద్‌బాదును కలుసుకునే రెండు రీళ్ల రంగుల చిత్రంలో కొన్ని నేపథ్యాలు నిజంగా కట్టిన చిన్న నమూనా సెట్లు. వాటి ముందు సెల్ నిలబెట్టి చిత్రీకరించారు. 1937లో డిస్నీ ‘ది ఓల్డ్ మిల్’లో వేర్వేరు ఎత్తుల్లో గాజు పలకల మీద బొమ్మలు పరిచి, పైనుంచి తీసే మల్టీప్లేన్ కెమెరా వాడారు. రెండూ లోతే చూపుతాయి, ఒకటి బొమ్మరిల్లులా, మరొకటి పొగమంచులా.

ఎనిమిదవ దశ: పోల్చడం

1946లో వార్నర్ సంస్థకు ఫ్రిజ్ ఫ్రెలెంగ్ తీసిన ‘రాప్సోడీ ర్యాబిట్’లో బగ్స్ బన్నీ అనే కుందేలు ఇదే లిస్ట్ రచనను పియానో మీద వాయిస్తాడు. అక్కడా ఒక ఎలుక అడ్డుపడుతుంది. రెండు స్టూడియోలూ ఒకదానినొకటి అనుమానించుకున్నాయి. ఆ తగవు మనకు అక్కర్లేదు కానీ, ఒకే స్వరరచన మీద ఇద్దరు నిపుణులు విడివిడిగా చేసిన పని దొరకడం అరుదైన అవకాశం. రాప్సోడీలోని ఒకే భాగాన్ని రెండు చిత్రాల్లో గుర్తించి, మీ నాలుగు వరుసల పట్టికను రెండింటికీ నింపండి. బగ్స్ ప్రేక్షకులతో మాట్లాడతాడు, తాను వాయిస్తున్నానన్న స్పృహతో ఉంటాడు. టామ్ చివరి దాకా గొప్ప కళాకారుడిగా ఉండాలనే పాటుపడతాడు. అతడు సొమ్మసిల్లాక వెలుగు జెర్రీ మీద పడి, చప్పట్లు జెర్రీకి దక్కడం అందుకే అంత గుచ్చుకుంటుంది.

తొమ్మిదవ దశ: ఎవరు, ఎప్పుడు

పేర్ల పలక చదవడంలో జాగ్రత్త అవసరం. 1930లలో చాలామంది యానిమేటర్లు పనిచేసినా తెరపై ఒకరిద్దరి పేర్లే వేసేవారు. వార్నర్ తన పాత చిత్రాలను ‘బ్లూ రిబ్బన్’ పేరుతో మళ్లీ విడుదల చేసినప్పుడు మొదటి పేర్ల పలకను చాలావాటిలో తీసేసింది. కాబట్టి తెరపై ఉన్నదాన్నే చివరి మాటగా తీసుకోకండి.

చిత్రంలోని నల్లజాతివారి, ఆసియావారి చిత్రణను కూడా పట్టికలో ఒక వరుసగా రాయండి. టామ్ అండ్ జెర్రీలో ముఖం కనిపించకుండా కాళ్లు మాత్రమే కనిపించే ఇంటి పనిమనిషి ఆనాటి జాతి అవహేళనల నుంచి పుట్టిన పాత్ర. 1968లో పదకొండు వార్నర్ చిత్రాలను టీవీ ప్రసారం నుంచి పూర్తిగా తప్పించారు. నైపుణ్యం ఎంత గొప్పదైనా, ఆ నైపుణ్యాన్ని కొన్నిచోట్ల ఎవరిని కించపరచడానికి వాడారో కూడా అంతే శ్రద్ధగా లెక్కలోకి తీసుకోవాలి. పిల్లలతో కలిసి చూస్తుంటే ఆ సన్నివేశం దగ్గర ఆపి మాట్లాడండి.

పదవ దశ: చేతితో గీయడం

ఇంతవరకు లెక్కపెట్టినదాన్ని ఒక చిన్న బంతితో పరీక్షించండి. ఒకే పరిమాణంలో ఉన్న పలుచని కాగితాలు పదిహేను తీసుకుని, కదలకుండా ఒక అంచున క్లిప్పు పెట్టండి. పై నుంచి బంతి స్థానాలను ఈ దూరాల్లో వేయండి: 0, అర సెం.మీ., 2, 4.5, 8, 12.5, 18. దిగేకొద్దీ బొమ్మల మధ్య దూరం పెరుగుతుంది, బరువు అలాగే తెలుస్తుంది. ఎనిమిదవ కాగితం మీద నేలకు ఆనుకుని అప్పడంలా చదునైన బంతిని గీయండి. చదునైనప్పుడు వెడల్పు పెరగాలి, లేకపోతే బంతి పరిమాణం తగ్గిపోయినట్టు కనిపిస్తుంది. మిగతా ఏడు కాగితాల మీద ఇవే దూరాలను కింది నుంచి పైకి వేస్తే బంతి తిరిగి లేస్తుంది.

ఫోనులో ఏదైనా స్టాప్‌మోషన్ యాప్ తెరిచి, సెకనుకు 24 ఫ్రేములు పెట్టి, ఒక్కో కాగితాన్ని రెండేసి సార్లు ఫొటో తీయండి. చదునైన బొమ్మను మాత్రం మొదట రెండు ఫ్రేములు ఉంచి ఒక కాపీ, ఆరు ఉంచి మరో కాపీ, 14 ఉంచి ఇంకో కాపీ తయారు చేయండి. ఆ మూడింటినీ ఏమీ చెప్పకుండా ఇంట్లో ఎవరికైనా చూపించి, ఏది చూసినప్పుడు వారి ముఖంలో చిరునవ్వు వచ్చిందో ఫ్రేముల సంఖ్య పక్కనే రాసుకోండి.